ఇది ఆయన మౌనం కాదు

"మా ఆయన ఎప్పుడూ ఇంతేనమ్మా! కొత్తగా ఏమీ లేదు. మీరేం కంగారుపడకండి" అంది ఐలీ నవ్వుతూ.

అయ్యో, ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేదని తర్వాత ఆమె ఎన్నిసార్లు అనుకుందో! కానీ ఆ ఉదయం ఆమెకు అంతా సవ్యంగానే కనిపించింది. గుండె ఆపరేషన్ అయిన మూడోనాడు అది. నర్సు షాంటెల్ మంచం పక్కన నిలబడి, "పెద్దాయన పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు గానీ ఒక్క మాటా అనడం లేదండీ. ఇంట్లో కూడా ఇలాగే ఉంటారా?" అని అడిగింది. మీ ఆయన మాట్లాడడేమని ఎవరో ఒకరు అడగడం, ఆయన తీరే అంతని తను సర్దిచెప్పడం ఐలీకి పెళ్లయిన నాటి నుంచీ అలవాటే. చర్చిలో పాస్టరుగారు అడిగారు, బ్యాంకులో అడిగారు, ఆఖరికి కూతురి పెళ్లిలో వియ్యపురాలు కూడా అడిగింది! ప్రతిసారీ ఆయన బదులు ఐలీయే జవాబు చెప్పింది. ఈసారీ అలాగే చెప్పేసింది. నర్సు హమ్మయ్య అనుకుని వెళ్లిపోయింది.

డులూత్ ఆసుపత్రి కిటికీలోంచి సుపీరియర్ సరస్సు కనిపిస్తోంది. ఏప్రిల్ వచ్చినా ఒడ్డున ఇంకా మంచు కరగలేదు. కుర్చీలో కూర్చుని ఐలీ భర్త ఛాతీ వంక చూస్తూ ఉండిపోయింది. లేస్తోంది, పడుతోంది... ఆ గుండెని ఆపేశారట! ఆపేసి, రక్తాన్ని బయట ఒక యంత్రంలో తిప్పి, కాలిలోంచి తీసిన రక్తనాళాలతో కొత్త దారులు వేసి, మళ్లీ కొట్టుకోమన్నారట. అది కొట్టుకుందట! డెబ్బై ఏడేళ్ల గుండె, చెప్పిన మాట విని మళ్లీ కొట్టుకుంది! ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఐలీకి ఒళ్లు జలదరించేది.

అంతలో పక్క గదిలోంచి పెడబొబ్బలు! "మంచం కింద జింకలున్నాయిరా! నా ట్రక్కు ఎత్తుకుపోతున్నారు, పట్టుకోండిరా!" అని దుఫ్రేన్ అనే ముసలాయన గొట్టాలు పీకేసుకుంటున్నాడు. ఆయనదీ గుండె ఆపరేషనే. నర్సులంతా అటు పరుగెత్తారు, డాక్టర్లు వచ్చారు, కూతుళ్లు ఏడుస్తున్నారు.

సంచీ నిండా ఏలకుల రొట్టె తెచ్చిన ఇంపి, తలుపు దగ్గర నిలబడి ఆ వేడుకంతా చూసి లోపలికొచ్చింది. రూబెన్ అక్కగారు ఆవిడ. ఎనభై దాటినా కారు తనే నడుపుతుంది, నోరు అంతకంటే వేగంగా నడుపుతుంది.

"చూశావటే అమ్మాయ్! వాళ్ల ముసలాయన ఊరంతా ఏకం చేస్తున్నాడు. మా తమ్ముడు చూడు, బంగారం! ఒక్కరికీ కష్టం ఇవ్వడు. పుట్టినప్పుడు కూడా ఏడవలేదు వీడు, మంత్రసాని వీపు మీద చరిచింది తెలుసా?"

"తెలుసు వదినా. నువ్వే చెప్పావు, పెళ్లినాడు."

"మళ్లీ చెబితే అరిగిపోతానా!" అంటూ ఇంపి రొట్టె కోసింది. రూబెన్ కళ్లు మూసుకునే ఉన్నాడు. దగ్గు వచ్చినప్పుడు ఛాతీకి అదుముకోమని నర్సులిచ్చిన చిన్న దిండును రెండు చేతులతో గుండెకు హత్తుకుని పడుకున్నాడు. దగ్గు లేనప్పుడు కూడా దాన్ని వదలడం లేదు. "చెప్పిన మాట ఎంత బాగా వింటున్నారో" అని నర్సులు మెచ్చుకున్నారు కూడా!

రూబెన్ కాంగస్ మాటల పొదుపు సంగతి వాళ్ల ఊరు ఐరన్‌వుడ్ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. దుంగలతో ఆవిరిస్నానపు గదులు, అదే సౌనాలు, కట్టే వడ్రంగి ఆయన. ఒక వేసవిలో ఐలీ వాళ్ల నాన్నకు సౌనా కట్టడానికి వచ్చాడు. వేసవంతా పనిచేసి ఆ ఇంట్లో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. పని పూర్తయ్యాక చూస్తే గుమ్మం ముందు ఎవరూ అడగని చిన్న మెట్టు ఒకటి అదనంగా ఉంది. ఇంట్లో పొట్టిది ఐలీ ఒక్కతే! ఆ మెట్టు చూసి వాళ్ల నాన్న, "అబ్బాయి అడిగేశాడమ్మా. నువ్వేమంటావో చెప్పు" అని పకపకా నవ్వాడు. ఐలీది అకార్డియన్ వాద్యాలూ పాటలూ వాదనలూ మోగే ఇల్లు. అక్కడి నుంచి వచ్చి ఈ నిశ్శబ్దంలో పడింది. మొదట్లో వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత అలవాటు పడింది. ఇద్దరి మాటలూ తనే మాట్లాడటం నేర్చుకుంది.

కానీ ఒక్కటి మాత్రం ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది. వాళ్ల తొలి బిడ్డ సెల్మా. ఫిబ్రవరి చలిలో పుట్టింది. కాన్పయిన మర్నాడే ఐలీకి విషజ్వరం పట్టుకుంది. ఆమె ఆసుపత్రిలో వారాల తరబడి ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, బిడ్డను రూబెన్ ఇంటికి తీసుకెళ్లాడు. జ్వరం తగ్గి ఐలీ కళ్లు తెరిచేసరికి ఆయన మంచం పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "పాపేదీ?" అని అడిగింది. "పోయింది" అన్నాడు. అంతే! ఆ ఒక్క మాట! ఎవరి చేతుల్లో పోయింది, చివరికి ఏడ్చిందా, నవ్వడం నేర్చిందా... ఏమీ చెప్పలేదు. తర్వాత హైడీ పుట్టింది, పెరిగింది, పెళ్లయి వెళ్లింది. ఆయన మాత్రం ఆ బిడ్డ పేరు మళ్లీ ఎత్తలేదు. ఐలీ అడగనూ లేదు. నా బిడ్డను నేను రెండుసార్లే చూశాను, మిగతాదంతా ఈ మనిషి దగ్గరే ఉండిపోయింది, ఇతను నాకు ఇవ్వడు అని లోలోపల కుమిలిపోయేది.

ఆ మధ్యాహ్నం కూతురు హైడీ గ్రీన్ బే ఊరి నుంచి వచ్చింది. కోటు కూడా విప్పకుండా తండ్రి మీదకు వంగింది.

"నాన్నా! నేను, హైడీని."

రూబెన్ కళ్లు తెరిచాడు. కూతురి ముఖంలోంచి ఆ వెనకున్న గోడను చూస్తున్నట్టు చూశాడు. కళ్లు మూసుకున్నాడు. చేతులు దిండును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాయి.

హైడీ తల్లిని వరండాలోకి లాక్కుపోయింది. "అమ్మా, నాన్న నన్ను గుర్తుపట్టలేదు!"

"గుర్తుపట్టాడే పిచ్చిదానా. మాట్లాడడంతే. మీ నాన్న సంగతి నీకు తెలియందా?"

"ఎన్నాళ్లమ్మా ఇలా సర్దుకుంటూ పోతావు! మతిమరుపు జబ్బు అయ్యుంటుంది. ఎప్పటి నుంచి ఉందో ఎవరికి తెలుసు? మాట్లాడే మనిషైతే మనకు తెలిసేది. ఇక్కడ ఆఫీసులో ఆవిడతో పొద్దున ఫోన్‌లో మాట్లాడాను. ఇంటికి పంపితే నువ్వొక్కదానివి చూసుకోలేవంది. మతి తప్పినవాళ్లను చూసుకునే హోమ్ ఒకటుందిట, శుక్రవారం అక్కడ ఒక మంచం ఖాళీ అవుతుందిట..."

"ఏమన్నావే?" అంటూ ఇంపి వరండాలోకి ఊడిపడింది. "మా తమ్ముణ్ణి తీసుకెళ్లి ఎక్కడో పారేస్తావా? పారేసేవాళ్లయితే నన్ను ముందు పారేయండి!"

"అత్తయ్యా, అరవకు! నాకు మాత్రం బాధ లేదా? అమ్మ వయసెంతో తెలుసా? రాత్రి లేచి ఆయన బయటికి వెళ్లిపోతే, మంచులో పడిపోతే, అమ్మ వెళ్లి లేపగలదా?" హైడీ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

ఐలీ ఇద్దరి మధ్యా నిలబడిపోయింది. హైడీ చెప్పేది అబద్ధం కాదు. ఇంపి ఏడుపూ అబద్ధం కాదు. రూబెన్ లేని ఇంట్లోకి తను ఒక్కతే వెళ్లడం, ఆయన ఎవరో తెలియనివాళ్ల మధ్య, ఎవరినీ ఏమీ అడగకుండా, ఏ మూలో కూర్చుని ఉండిపోవడం... అడగడం రాదే ఆయనకి! నీళ్లు కావాలని కూడా అడగడే! ఆమె ఇక ఆలోచించలేక గదిలోకి వెళ్లి, ఏం చేయాలో తోచక, ఫ్లాస్కులోంచి కాఫీ పోసింది.

ఆయన కప్పు ఆమె ఇంటి నుంచే తెచ్చింది, సాసర్‌తో సహా. తల కింద చెయ్యి పెట్టి లేపి కప్పు అందించింది. తాగాడు. మళ్లీ పోసింది. తాగాడు. మూడోసారి పోసింది. దాన్నీ తాగేశాడు! నాలుగోసారి పోయబోతూ ఐలీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

వాళ్లవైపు పెద్దవాళ్లకు ఒక పద్ధతి ఉంది. కాఫీ చాలనుకుంటే కప్పును సాసర్‌లో బోర్లిస్తారు. రూబెన్ మరీను! ఇంకా కావాలంటే అంచు మీద వేలితో రెండుసార్లు తడతాడు, చాలంటే బోర్లిస్తాడు. రెండో కప్పు తర్వాత భూమి బద్దలైనా మూడోది తాగడు. చలి ఎక్కువైన రోజు కప్పును ముందు ఐలీ వైపు జరుపుతాడు, నువ్వు తాగమని. ఆమె మీద కోపం వస్తే చెంచా సాసర్ బయట పెడతాడు. ఆమెకు ఒంట్లో బాగాలేని రోజు పొద్దున్నే తనే లేచి కప్పులు కడిగి పెడతాడు... ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి ఐలీకి. ఇవన్నీ ఏమిటి మరి? ఇన్నేళ్లూ ఆ మనిషి పొద్దున్నుంచి రాత్రిదాకా తనతో చెబుతూనే ఉన్నాడే! ఇంట్లో ఆ సందడి ఎంత ఉండేదో, అది ఆగిపోయిన ఇప్పుడు తెలుస్తోందే! దేవుడా, ఎంత మాట్లాడేవాడు ఈయన!

కప్పు ఆయన ఒళ్లో పక్కకు ఒరిగి ఉంది. ఆ వేళ్లు దాని వైపు కూడా పోలేదు.

ఏనాడూ గొంతు పెంచి ఎరగని ఐలీ, వరండాలోకి పరుగెత్తుకెళ్లి అరిచింది. "ఎవరైనా రండమ్మా! నేను తప్పు చెప్పాను! ఆయన ఎప్పుడూ ఇలా ఉండడు! ఇది ఆయన మౌనం కాదు!"

దుఫ్రేన్ గారి గుమ్మంలో నిలబడి ఉన్న పొడుగాటి డాక్టరమ్మ వెనక్కి తిరిగింది. వృద్ధుల వైద్యం చూసే డాక్టర్ ఫీనీ ఆవిడ. "ఇది ఆయన మౌనం కాదంటే ఏమిటో నాకు చెప్పండి" అంటూ గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఐలీ చెప్పింది. కప్పు సంగతి, వేలి సంగతి, చెంచా సంగతి. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. డాక్టరమ్మ ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు.

తర్వాత ఆవిడ రూబెన్ చెయ్యి పట్టుకుని, చెవి దగ్గర గట్టిగా, "నేను అక్షరాలు చదువుతాను. 'ఏ' వినబడినప్పుడల్లా నా చెయ్యి నొక్కండి" అంది. చదివింది. మొదటిసారి నొక్కాడు. తర్వాత ఆ చెయ్యి సడలిపోయింది. మనసు ఒక చోట నిలవడం లేదని చూస్తున్నవాళ్లందరికీ అర్థమైంది.

"దీన్ని డెలీరియం అంటామమ్మా. పెద్దవాళ్లకి ఇంత పెద్ద ఆపరేషన్ అయ్యాక మతి కొంతకాలం తప్పుతుంది. చాలామందికి వస్తుంది. పక్క గదిలో ఆయనలా అరిచేవాళ్లది అందరికీ కనిపిస్తుంది. మీ ఆయనది నోరులేని రకం. చాలామందిలో ఇదే మా కంట పడకుండా పోతుంది."

"మతిమరుపు జబ్బు కాదా?" హైడీ అడిగింది.

"ఇప్పుడే కాదని ఒట్టు పెట్టలేను. కానీ ఆపరేషన్‌కి ముందు రోజు ఆయన ఎలా ఉన్నారు?"

"మా గుమ్మం తలుపు చిత్రిక పట్టి సరిచేశాడు. నేను వద్దంటుంటే!" అంది ఇంపి ముక్కు చీదుతూ.

"అయితే ఇది మూడు నాలుగు రోజుల్లో వచ్చిపడింది. వచ్చినది పోవచ్చు. శుక్రవారం మాట ఇప్పుడు మర్చిపోండి."

"మందు రాయండి డాక్టరమ్మా, ఎంత ఖరీదైనా..." ఐలీ చేతులు జోడించినంత పని చేసింది.

డాక్టర్ ఫీనీ తల అడ్డంగా ఊపింది. "దీన్ని తగ్గించే మాత్ర లేదమ్మా. కారణాలు వెతికి ఒక్కొక్కటీ తీసేయాలి. నిద్రకని ఇస్తున్న మాత్ర ఆపేస్తాను, ముసలి మెదడుకి అది పడదు. మూత్రం గొట్టం ఈరోజే తీసేస్తారు. మూత్రంలో చీము ఉందేమో చూస్తాం. కడుపు బిగిసి ఉంది, దానికి మందిస్తాం. నొప్పి ఉందని ఆయన అడగరు కాబట్టి మేమే వేళకు నొప్పి మందు ఇస్తాం. పగలు కిటికీ తెర తీసి కుర్చీలో కూర్చోబెట్టాలి, నడిపించాలి. రాత్రి ఎవరూ లేపకూడదు. ఆయనకి చెవుల మిషను లేదా? కళ్లద్దాలు?"

గదిలో ఒక్కసారిగా అందరూ ఐలీ వంక చూశారు. ఐలీ తల దించుకుంది. "ఆసుపత్రుల్లో వస్తువులు పోతాయని... ఎవరినీ వెతకమని ఇబ్బంది పెట్టడం ఎందుకని... ఇంటికి పంపేశాను. చక్కెర డబ్బాలో ఉన్నాయి."

అంటే ఇన్ని రోజులూ ఆయన సగం చెవిటితనంతో, మసక చూపుతో, ఎవరి మాటా తెలియని చోట పడి ఉన్నాడు! హైడీ తల్లి భుజం పట్టుకుంది. ఇంపి మాత్రం అప్పటికే కోటు వేసుకుంటోంది.

"వదినా, మంచు పడుతోంది! రేపు వెళ్దువుగాని!"

"మంచు నాకు కొత్తా? నేను పుట్టిన రోజు ఆరడుగులు పడింది. మీరు కాఫీ తాగుతూ ఉండండి" అని ఆవిడ తాళాలు గలగలలాడించుకుంటూ వెళ్లిపోయింది. చీకటి పడేలోపు చక్కెర డబ్బాతో సహా తిరిగొచ్చింది.

మనిషి మతి తిరిగి రావడం ఎప్పుడైనా చూశారా? ఐలీ చూసింది. గుండెను ఆపి నడిపించడం పెద్ద అద్భుతమనుకుంది గాని, ఇది అంతకు మించిందని ఆమెకు అనిపించింది. దీనికి యంత్రం లేదు, కత్తి లేదు. ఒక తెర తీయడం, ఒక అద్దం తుడిచి ముక్కు మీద పెట్టడం, నెమ్మదిగా నడిపించడం, ఒక మాట పదిసార్లు చెప్పడం... ఇంతే! "రూబెన్, ఇది డులూత్ ఆసుపత్రి. గుండె బాగుచేశారు. నేను ఐలీని. అదిగో సరస్సు" అని ఆమె చెప్పేది. కాసేపటికి మళ్లీ చెప్పేది. విసుక్కునే మనిషి కాదు కదా, ఆయన వినేవాడు. వింటున్నాడో లేదో తెలిసేది కాదు. ఒక మధ్యాహ్నం సరస్సు మీద ఇనుప ఖనిజం మోసుకుపోయే ఓడను చూపించి, "ఈ ఏడు మొదటిది" అంది. ఆయన తల దాని వెంటే తిరిగింది, కిటికీ అంచు దాటేవరకూ! మర్నాడు గుండీ తనే పెట్టుకోబోయాడు. ఇంకో రోజు నర్సు సబ్బు కింద పడేస్తే వంగబోయాడు. బురద నీళ్లు కదపకుండా ఉంచితే తేరుకున్నట్టు, ఆ మనిషి ఆయనలోకి తిరిగి తేరుకుంటున్నాడు.

అన్ని రోజులూ ఒకేలా లేవు. ఒక సాయంత్రం ఐలీ భోజనం చేసి వచ్చి కుర్చీలో కూర్చోబోతే, రూబెన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అందులో కూర్చోకండి."

ఆపరేషన్ తర్వాత ఆయన మాట్లాడిన మొదటి మాట అది! ఐలీ ప్రాణం లేచొచ్చింది. "ఏమయ్యా? ఎందుకు కూర్చోకూడదు?"

"ఆ కుర్చీ మా ఆవిడది. వస్తుంది" అన్నాడు మర్యాదగా, ముఖం ఎరగని మనిషితో మాట్లాడుతున్నట్టు.

తనను గుర్తుపట్టలేదు! ఇన్నేళ్లు కాపురం చేసిన భార్యను పరాయి మనిషి అనుకుంటున్నాడు! ఐలీ గోడకు ఆనుకుని నిలబడి, నోటికి కొంగులా శాలువా అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే మళ్లీ ఆశ్చర్యపోయింది. ఊరు పేరు పోయాయి, కూతురి ముఖం పోయింది, తన ముఖం కూడా పోయింది. కానీ మా ఆవిడ వస్తుంది, ఆమె కుర్చీ ఖాళీగా ఉండాలి అన్నది మాత్రం పోలేదు! అంత చీకట్లో ఆ ఒక్కటి ఎలా నిలిచింది తండ్రీ? ఆమె కళ్లు తుడుచుకుని, "అలాగేనండీ, నేను నిలబడతాను" అంది. ఆయన నిద్రపోయేదాకా నిలబడే ఉంది.

ఆ తర్వాతి వారంలో ఒక ఉదయం. ఎండ గదినిండా పరుచుకుంది. రూబెన్ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఐలీ లోపలికి రాగానే తల తిప్పి చూశాడు. చూసి, ఏమీ అనకుండా, తన పక్కనున్న కుర్చీని కాలితో ఆమె వైపు జరిపాడు. ఐలీ చప్పున కూర్చుండిపోయింది. వచ్చేశాడు! మా ఆయన వచ్చేశాడు!

అప్పుడే షాంటెల్ వచ్చింది. "పెద్దాయనా, ఇవాళ ఓ చిన్న పరీక్ష. నెలల పేర్లు వెనక నుంచి చెప్పాలి. డిసెంబరు నుంచి మొదలుపెట్టండి."

"డిసెంబరు. నవంబరు. అక్టోబరు..." మెల్లగా చెప్పుకుంటూ వచ్చాడు. ఐలీ పెదవులు ఆయనతో పాటే కదులుతున్నాయి. "ఏప్రిల్... మార్చి..."

ఆగిపోయాడు.

షాంటెల్ ఎదురుచూసింది. ఐలీ నోరు తెరవబోయింది. ఆయన బదులు తను అందించడం ఎన్నేళ్ల అలవాటు! బలవంతాన నోరు మూసుకుంది. ఆయన కళ్లలో నీళ్లు నిండుతూంటే చూస్తూ కూర్చుంది.

"ఫిబ్రవరి" అన్నాడు చివరికి. "జనవరి."

"ఒక్కటీ తప్పు లేదు! రేపో మాపో ఇంటికే!" అని షాంటెల్ సంతోషంగా డాక్టరమ్మకు చెప్పడానికి వెళ్లింది.

రూబెన్ సరస్సు వంక చూశాడు. "ఐలీ, నేను ఇక్కడ లేను ఇన్నాళ్లూ."

"తెలుసు."

"మన పాత ఇంట్లో ఉన్నాను. పొయ్యి పక్కన. సెల్మా నా గుండెల మీద పడుకుని ఉంది. ఛాతీ మీద ఇక్కడంతా బరువుగా ఉండేది కదా... అది పిల్లే అనుకున్నాను. ఎవరెవరో వస్తున్నారు, పిలుస్తున్నారు, సూదులు గుచ్చుతున్నారు. నేను మాట్లాడితే పిల్ల లేస్తుంది. లేస్తే పక్కకి దొర్లుతుంది. పక్కనంతా చలి. అందుకే కదల్లేదు. నువ్వు పిలవడం కూడా వినబడింది. పలకలేదు. కోపం తెచ్చుకోకు."

ఆ దిండు! అందరూ మెచ్చుకున్న ఆ దిండు! మతి పోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో ఆయన చనిపోయిన బిడ్డను చలి తగలకుండా కాచుకుంటున్నాడా! మాట పెదవి దాటితే బిడ్డకు ఏమవుతుందోనని నోరు బిగించుకుని కూర్చున్నాడా!

"అప్పుడు కాపాడలేకపోయాను" అన్నాడు రూబెన్. "ఆ ఏడు కట్టెలు పచ్చివి ఐలీ. సరిగా ఎండబెట్టలేదు. పొగే గాని వేడి లేదు. ఇల్లు వెచ్చబడలేదు. నా వల్ల పోయింది పిల్ల. నీకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"చలి వల్ల పోయిందని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి? నా చేతుల్లోనే కదా పోయింది."

"డాక్టరు చెప్పలేదా?" ఐలీ గొంతు కీచుమంది. "ఆరోజు నా గదిలోంచి బయటికొచ్చి వరండాలో నీతో మాట్లాడాడు కదా! నేను తలుపు సందులోంచి చూశాను!"

"నీ జ్వరం సంగతి చెప్పాడు. మందులు మానొద్దన్నాడు."

"అయ్యో... అయ్యో రూబెన్! పిల్ల గుండెలోనే లోపం ఉంది! సగం గుండె పెరగనే లేదుట, పోయాక పరీక్షలో తెలిసిందిట. పుట్టినప్పుడే! ఎంత వెచ్చగా ఉంచినా, ఎవరు ఏం చేసినా బతకదని చెప్పాడు నాతో. చలి కాదు. నువ్వు కాదు. నీకు తెలుసనుకున్నాను! తెలిసే నోరు విప్పడం లేదనుకున్నాను!"

ఆయన మాట్లాడడని జీవితమంతా కుమిలిపోయిందే తను, ఆయనను విడిపించే మాట అన్నేళ్లూ తన నోట్లోనే ఉంది! ఒక్కసారి అడిగి ఉంటే! ఒక్కసారి చెప్పి ఉంటే! ఇంటిల్లిపాది మాటలూ మాట్లాడిన ఐలీ ఆ ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె ఆయన మోకాళ్ల మీద తల వాల్చి బావురుమంది.

"చలి కాదా?" అన్నాడు రూబెన్.

"కాదు."

"కట్టెలు...?"

"కాదయ్యా. కాదు."

ఆయన భుజాలు కదిలిపోయాయి. ఏడిస్తే కోసిన రొమ్ము ఎముక నొప్పి పుడుతుంది కదా, దిండు అందుకుని ఛాతీకి అదుముకుని ఏడ్చాడు. పుట్టినప్పుడు కూడా ఏడవలేదని ఇంపి చెప్పే ఆ మనిషి, పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఐలీ ఆయన వీపు నిమురుతూ ఉండిపోయింది. కిటికీ బయట ఎండలో సరస్సు తళతళలాడుతోంది. అంతమంది డాక్టర్లు అంత పెద్ద గుండెను బాగుచేశారు, ఈ చిన్న మాట మాత్రం ఇన్నాళ్లు లోపల అలాగే మిగిలిపోయిందే అనుకుని ఆమె విస్తుపోయింది.

ఏడుపు ఆగాక ఆయన ముఖం తుడుచుకున్నాడు. కళ్లద్దాలు సరిచేసుకున్నాడు. ఐలీ భయం భయంగా, అడగవచ్చో లేదో తెలియనట్టు అడిగింది.

"జుట్టు ఏ రంగు దానికి? జ్వరంలో చూశాను, నాకు గుర్తులేదు."

"తెల్లటి నూగు" అన్నాడు రూబెన్. "మెడ వెనక మాత్రం రవ్వంత ఎరుపు. మీ నాన్నది."

"మా నాన్నదా!"

"ఊఁ. తుమ్మితే తనే ఉలిక్కిపడేది. ఎవరు తుమ్మారా అని చూసేది."

ఐలీ నవ్వింది. నవ్వుతూంటే కన్నీళ్లు ధారగా కారాయి. నలభై ఎనిమిదేళ్ల తర్వాత ఆమె కన్నబిడ్డ ఆ గదిలోకి వచ్చి తుమ్మింది!

"నేను ఈల వేస్తే ఏడుపు ఆపేది. ఈల రాదు నాకు, గాలే వచ్చేది. అయినా ఆపేది. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఇలా పిడికిలి పట్టే ఉండేది. విప్పబోతే నా వేలు పట్టుకునేది..."

సామాన్ల సంచీలు మోసుకుంటూ హైడీ, వెనకే ఇంపి గుమ్మంలోకి వచ్చారు. "అమ్మా, రేపే పంపిస్తారుట! డాక్టరమ్మ..." అంటూ హైడీ ఏదో చెప్పబోయింది. ఐలీ వెనక్కి తిరగకుండానే, ఆగమన్నట్టు చెయ్యెత్తింది. ఆమె చూపు భర్త ముఖం మీంచి కదల్లేదు.

"ఇంకా?" అంది. "ఇంకా చెప్పు."